అమ్మవారు పోసిన ఇంట్లోకి చట్టం రావొచ్చా?

పాఠకుల ప్రశ్నలు, వకీలు జవాబులు

ఈసారి అద్దె గొడవలు, చెక్ బౌన్సులు పక్కన పెట్టేశాను. పోయిన నెల ఒకాయన "మా మతం ఒప్పుకోదు కాబట్టి వైద్య పరీక్ష వద్దు, మందు వద్దు అనే హక్కు నాకుందా" అని అడిగితే రెండు లైన్లలో జవాబు చెప్పి తప్పించుకున్నాను. దాని మీద కుప్పగా ఉత్తరాలొచ్చాయి, అందులో కొన్ని తిట్లు. సరే, ఈ పేజీ మొత్తం దానికే.

మా ఆరేళ్ల బాబుకి అమ్మవారు పోసింది. మా అత్తయ్య గడపకి వేపమండలు కట్టి, ఇంట్లో తాలింపులు మాన్పించి, రోజూ పెరుగన్నం నైవేద్యం పెడుతున్నారు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే అమ్మవారికి కోపం వస్తుందంటారు. నాలుగో రోజు, జ్వరం దిగలేదు. మా తోడికోడలికి ఏడో నెల, అదే ఇంట్లో ఉంటుంది. స్కూలు వాళ్లేమో తగ్గిందని సర్టిఫికెట్ తెస్తేనే రానిస్తామంటున్నారు. మా ఆచారం అని చెప్పి మినహాయింపు అడగొచ్చా? - ఒక కోడలు, మల్కాజ్‌గిరి

అమ్మా, ఉత్తరంలో ఫోన్ నంబర్ ఇచ్చారు కాబట్టి అసలు ముక్క అప్పుడే ఫోన్‌లో చెప్పాను, మిగతా వాళ్ల కోసం మళ్లీ రాస్తున్నాను. చట్టం తర్వాత, ముందు పిల్లల డాక్టర్. నాలుగు రోజులైనా జ్వరం దిగకపోయినా, పిల్లాడు మగతగా పడి ఉన్నా, ఎగశ్వాస వచ్చినా, పొక్కుల చుట్టూ ఎర్రగా వాచినా ఇంకో రోజు చూద్దాం అనుకోకూడదు. జ్వరానికి ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ మాత్రం పొరపాటున కూడా వేయొద్దు, ఆటలమ్మ వచ్చిన పిల్లల్లో అది కాలేయాన్నీ మెదడునీ దెబ్బతీయొచ్చు. అంతకన్నా అర్జెంటు మీ తోడికోడలి సంగతి. ఆమెకి చిన్నప్పుడు ఆటలమ్మ రాకపోయి ఉంటే వెంటనే తన గైనకాలజిస్టుకి ఫోన్ చేయాలి. అలాంటి గర్భిణులకి రక్షణగా ఇచ్చే ఇంజెక్షన్ ఒకటుంది, కానీ అది పిల్లాడి దగ్గర మసిలిన పది రోజుల్లోపే పనికొస్తుంది.

ఇక మీ అత్తయ్యగారు. ఆవిడ మీద కోపం తెచ్చుకోకండి. నాకు తొమ్మిదో ఏట అమ్మవారు పోసింది. మా నాయనమ్మ నన్ను వెనక గదిలో వేపాకు పరిచిన మంచం మీద పడుకోబెట్టి, గోళ్లతో గోకనివ్వకుండా చేతికి వేపరెమ్మ ఇచ్చి నిమురుకోమనేది. బయటి నుంచి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కోకుండా లోపలికి రాకూడదు, నా గదిలోకైతే అసలే రాకూడదు. గుమ్మానికి వేపమండ కనిపిస్తే వీధిలో పాలవాడు కూడా చెంబు అరుగు మీదే పెట్టి పోయేవాడు. ఇది క్వారంటైన్ కాక మరేమిటి? పేర్లు వేరు, అంతే. మన ఊళ్లో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని పాతవాళ్లు ఇప్పటికీ కోరంటి దవాఖానా అంటారు చూడండి, ఆ 'కోరంటి' కూడా మన నోళ్లలో నలిగిన క్వారంటైనే.

అంటే మీ అత్తయ్యగారి ఆచారంలో సగం పని చట్టం అడిగేదే, విడిగా ఉంచడం. పేచీ అంతా మిగతా సగంతోనే, డాక్టర్ వద్దు అనే దాంతో. రాజ్యాంగం 25వ అధికరణం మతస్వేచ్ఛ ఇస్తుంది కానీ ఇచ్చేముందే మూడు షరతులు పెట్టింది: ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం. ఆరోగ్యం అనే మాట అందులో అచ్చంగా ఉంది, ఎవరో తర్వాత వ్యాఖ్యానం చేసి ఇరికించింది కాదు. పైగా ఇక్కడ ఒళ్లు మీ అత్తయ్యగారిది కాదు, ఆరేళ్ల వాడిది. ఆవిడకి జబ్బు చేసి ఆవిడే మందు వద్దంటే అది వేరే కథ, దాని గురించి కింద రాశాను. పిల్లాడికి ప్రాణం మీదికొచ్చేలా నిర్లక్ష్యం చేస్తే 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా వెళ్లొచ్చు. ఇది ఆవిడని భయపెట్టడానికి కాదు, మీకు తెలిసి ఉండాలని. మీరు తల్లి. పిల్లాడిని డాక్టర్‌కి చూపించడానికి ఇంట్లో ఎవరి అనుమతీ అక్కర్లేదు.

స్కూలు అడుగుతున్న సర్టిఫికెట్‌లో తప్పేమీ లేదు. పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేవరకు పక్కవాళ్లకి అంటుకుంటుంది. ఆ క్లాసులో ఏ పిల్లకి కీమోథెరపీ జరుగుతోందో మనకేం తెలుసు. వేపమండలు ఉంచండి, నైవేద్యం పెట్టుకోండి, తాలింపు మానేయండి. వీటిలో ఏదీ డాక్టర్ మందుకి అడ్డం రాదు.

మా నాన్నగారికి టీబీ అని తేలింది. మూడు వారాలు మందులు వేసుకుని ఆపేశారు. ప్రార్థన చేయించుకున్నాను, స్వస్థత వచ్చింది, ఇంకా మాత్రలు మింగితే విశ్వాసం లేనట్టే అంటున్నారు. నా పిల్లలకి ఒకరికి నాలుగేళ్లు, ఒకరికి ఏడాదిన్నర. పోలీస్ కంప్లైంట్ ఇవ్వొచ్చా? - రామంతాపూర్ పాఠకుడు

బాబూ, ఇది నాకు ఈసారి వచ్చిన వాటిలో అన్నిటికన్నా కష్టమైన ఉత్తరం, ఎందుకంటే మీరిద్దరూ సగం సగం రైటే.

మీ నాన్నగారు మేజర్, తెలివిలో ఉన్నారు. ఒంట్లోకి ఏం పోవాలో ఏం పోకూడదో చెప్పుకునే హక్కు ఆయనదే. 2018లో కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు చికిత్స వద్దనే హక్కుని ఒప్పుకుంది. 2022 మే 2న జేకబ్ పులియెల్ కేసులో కోవిడ్ టీకాని ఎవరికీ బలవంతంగా వేయకూడదని చెప్పింది. గమనించారా, ఈ రెండు తీర్పులూ మతం మీద నిలబడ్డవి కావు, 21వ అధికరణం మీద, అంటే ఎవరి ఒంటి మీద వాళ్లకున్న హక్కు మీద. అందుకే "మా మతం ఒప్పుకోదు" అనేవాడికీ "నాకు ఇష్టం లేదు" అనేవాడికీ మన దగ్గర చట్టం ముందు పెద్ద తేడా లేదు. మతానికంటూ ప్రత్యేకమైన తలుపు లేదు, అందరికీ ఉన్న తలుపే.

కానీ అదే 2022 తీర్పు ఇంకో మాట కూడా అంది. ఒకరి వల్ల మిగతావాళ్లకి జబ్బు అంటుకునే ప్రమాదం ఉంటే, ప్రభుత్వం ఆ మనిషి మీద తగిన మేరకు ఆంక్షలు పెట్టొచ్చు, అవి ప్రమాదానికి సరిపోయేంతే ఉండాలి. ప్రాణాంతకమైన అంటువ్యాధిని నిర్లక్ష్యంగా వ్యాపింపజేస్తే భారతీయ న్యాయ సంహిత 271వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా శిక్ష ఉంది. పాత ఐపీసీలో ఇది 269. కాబట్టి కాగితం మీద చూస్తే, కంప్లైంట్ ఇవ్వొచ్చు.

ఇవ్వకండి. కన్నతండ్రి మీద కేసు వేస్తే అది ఏళ్లు నడుస్తుంది, టీబీ క్రిమి వాయిదాల కోసం ఆగదు. ఈ వారమే చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి. పిల్లలిద్దరినీ టీబీ కేంద్రానికి తీసుకెళ్లండి, ఇంట్లో టీబీ రోగి ఉంటే ఐదేళ్లలోపు పిల్లలకి, వాళ్లకి జబ్బు లేదని చూసుకుని, రాకుండా మందు ఇస్తారు, అది ఉచితం. నాన్నగారికి వేరే గది, తీసిన కిటికీ, మాస్క్. ఇవి ఆయన విశ్వాసాన్ని ముట్టుకోవు, కాబట్టి వీటికి ఆయన కాదనే కారణం కూడా లేదు. మందులు ఆపేశారన్న సంగతి టీబీ హెల్త్ వర్కర్‌కి చెప్పండి. మధ్యలో ఆపిన టీబీ మొండిదై తిరిగొస్తే ఆరు నెలల కోర్సుతో పోదు, మందులు మారతాయి, కష్టం పెరుగుతుంది. "డాక్టర్ గారూ, పేరు గవర్నమెంట్‌కి పంపకండి" అని కొందరు బతిమాలుతుంటారు. 2012 నుంచి టీబీ కేసు తెలియజేయడం తప్పనిసరి, 2018 నుంచి తెలపని డాక్టర్ మీదే కేసు పెట్టొచ్చు. అందులో మతం పేరు చెప్పి తప్పించుకునే దారేదీ లేదు.

ప్రార్థన చేసినవాళ్ల విషయం. ప్రార్థన నేరం కాదు, ఎప్పటికీ కాకూడదు. కానీ ఫలానా జబ్బు తాయెత్తుతోనో మంత్రంతోనో నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 చట్టం ప్రకారం నేరం, ఆ చట్టం జాబితాలో టీబీ, క్యాన్సర్, మధుమేహం, మూర్ఛ అన్నీ ఉన్నాయి. (మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఇచ్చేదాన్ని ఒకప్పుడు చేప మందు అనేవాళ్లు, ఇప్పుడు చేప ప్రసాదం అంటున్నారు. మందు అనే మాటకి చట్టం అడిగే ప్రశ్నలు ప్రసాదానికి అడగదు మరి!)

నా క్లయింట్ ఒకాయన తండ్రిది అచ్చం ఇదే కథ. చివరికి పనిచేసింది నోటీసు కాదు, వాళ్ల పాస్టరే. ఇంటికొచ్చి "మందు కూడా ఆయన ఇచ్చిందే కదా తాతా" అన్నాడట, అంతే. ఆ పెద్దాయన మాత్రల స్ట్రిప్పుని బైబిల్లో పేజీల మధ్య పెట్టుకుని పొద్దున ప్రార్థన అవగానే ఒకటి చించుకుని వేసుకునేవాడు. మీ నాన్నగారి పాస్టర్ ఎలాంటివారో నాకు తెలియదు. వెళ్లి అడిగి చూడండి.

మా చెల్లి శాన్ హోసేలో ఉంటుంది. కాలిఫోర్నియాలో మతకారణం చెబితే టీబీ పరీక్ష కూడా చేయించుకోనక్కర్లేదట. అంత అభివృద్ధి చెందిన చోట ఉన్న హక్కు మనకెందుకు లేదు? - కూకట్‌పల్లి నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

మీ చెల్లెలు సగం చెప్పారు. కాలిఫోర్నియా టీబీ చట్టంలో నిజంగానే అలాంటి క్లాజు ఉంది. గుర్తింపు ఉన్న మతశాఖ బోధన ప్రకారం కేవలం ప్రార్థన మీదే ఆధారపడేవాళ్లు పరీక్ష వద్దనొచ్చు, చికిత్సకీ ఆసుపత్రికీ రామనొచ్చు. మిగతా సగం వినండి. జబ్బు అంటుకునే దశలో ఉందని అనుమానించడానికి తగిన కారణం ఉంటే, కేసు తెలియజేయడం, ఐసొలేషన్, క్వారంటైన్ ఈ భక్తులకీ వర్తిస్తాయి. ఇంట్లోనో తనకు నచ్చిన ఇంకో చోటో భద్రంగా విడిగా ఉంచగలిగితేనే ఆసుపత్రి తప్పుతుంది. అంటే మందు నుంచి మినహాయింపు ఇచ్చారు గానీ, జనంలో తిరగడానికి ఇవ్వలేదు. మా నాయనమ్మ వెనక గది గుర్తొచ్చింది నాకైతే.

ఇంకో విచిత్రం. అదే కాలిఫోర్నియా, డిస్నీల్యాండ్‌లో మొదలైన తట్టు వ్యాధి 2014 చివర్లో, 2015లో వ్యాపించాక, పిల్లల్ని స్కూల్లో చేర్చడానికి టీకాల విషయంలో మత, వ్యక్తిగత నమ్మకాల మినహాయింపులని రద్దు చేసింది. 2016 నుంచి అమలు. న్యూయార్క్ 2019లో అదే పని చేసింది. పెద్దవాడు తన ఊపిరితిత్తులతో ఏం చేసుకుంటాడో వాడి ఇష్టం, పిల్లల సంగతి వచ్చేసరికి ఆ ఇష్టం చెల్లలేదు. అక్కడి సుప్రీంకోర్టు 1944లోనే, తల్లిదండ్రులు తాము ప్రాణత్యాగం చేసుకోవచ్చు గానీ పిల్లల చేత చేయించే హక్కు లేదు అనే అర్థం వచ్చేలా ఒక తీర్పులో రాసింది. అది టీకా కేసు కాదు, పిల్ల చేత వీధిలో మతపత్రికలు పంచించిన కేసు. అయినా ఆ మాట ఇప్పటికీ అన్ని చోట్లా వినిపిస్తుంది.

మీ చెల్లెలికి గ్రీన్‌కార్డ్ మెడికల్ ఉంటే ఇది కూడా చెప్పండి. అక్కడ టీకాలకి మతకారణంగా మినహాయింపు అడగొచ్చు, కానీ ఏ రూపంలోనూ ఏ టీకా వద్దని చూపించాలి. ఒకటి వద్దు, రెండోది పర్లేదు అంటే కుదరదు. నమ్మకం నిజమైందని వాళ్లని ఒప్పించాలి కూడా.

మన దగ్గర ఎందుకు లేదంటారా? మన అంటువ్యాధుల చట్టం 1897లో బొంబాయి ప్లేగు కోసం హడావుడిగా రాసింది. మొదట నాలుగంటే నాలుగు సెక్షన్లు. ప్రయాణికులని పరీక్షించొచ్చు, జబ్బు అనుమానం ఉన్నవాళ్లని ఆసుపత్రిలోనో ఇంకెక్కడో విడిగా ఉంచొచ్చు అని అధికారులకి పగ్గాలిచ్చింది, మతం మాట అందులో ఎక్కడా లేదు. కడుపు మండే సంగతేమిటంటే, మరుసటి ఏడు 1898లో ఇంగ్లండ్ తమ సొంత తల్లిదండ్రులకి మనస్సాక్షి కారణంగా మశూచి టీకా వద్దనే క్లాజు ఇచ్చుకుంది. మనకి మాత్రం పరీక్షలు, పోలీసులు.

మా అమ్మాయి స్కూల్లో టీకా వేస్తారని కాగితం పంపారు. మా బంధువుల్లో కొందరు హరామ్ అంటున్నారు. వద్దంటే స్కూల్ నుంచి తీసేస్తారా? - ఒక తండ్రి, యాకుత్‌పురా

భాయ్, తీసేయలేరు. పిల్లలకి టీకా తప్పనిసరి అనే కేంద్ర చట్టం మనకు లేదు. మీజిల్స్ రుబెల్లా టీకాని తల్లిదండ్రుల సమ్మతిని పక్కనబెట్టి స్కూళ్లలో వేయడం కుదరదని ఢిల్లీ హైకోర్టు కూడా 2019లో చెప్పింది. కాగితం మీద వద్దని రాసి పంపితే సరిపోతుంది.

హక్కు ఉందన్నాను, వాడుకోమనలేదు. నాంపల్లి హజ్ హౌస్‌లో ప్రతి ఏడూ యాత్రకి ముందు టీకా శిబిరం పెడతారు, మీ పెద్దవాళ్లెవరైనా వెళ్లి ఉంటే అడగండి. మెనింజైటిస్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోకపోతే సౌదీ ప్రభుత్వం హజ్‌కి రానివ్వదు. మక్కా వెళ్లడానికి వేయించుకునే సూది యాకుత్‌పురాలో ఎలా హరామ్ అవుతుందో మీ బంధువులనే అడగాలి. 2016 జూన్ గుర్తుందా? అంబర్‌పేటలో మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన టైప్ 2 పోలియో వైరస్ కనిపిస్తే, ఆ వారమంతా హైదరాబాద్, రంగారెడ్డిలో 3 లక్షలకు పైగా పిల్లలకి ఇంజెక్షన్లు వేశారు. మురుగుకాల్వకి మతం ఉండదు కదా, అది మీ వీధి నుంచీ మా వీధి నుంచీ అక్కడికే పోతుంది. తట్టు సంగతి ఇంకా ఘోరం, రోగి గదిలోంచి వెళ్లిపోయిన రెండు గంటల దాకా ఆ క్రిమి గాలిలోనే ఉంటుంది. మీకు నిజంగా సందేహం ఉంటే బంధువుల్ని కాదు, మీ మసీదు ఇమామ్‌ని అడగండి. ఆయన జవాబు నా జవాబు కన్నా మీకు ఎక్కువ పనికొస్తుంది.

రక్తం ఎక్కించొద్దని మతకారణంతో రాసిచ్చే పేషెంట్లు ఒక్కోసారి వస్తారు. ప్రాణం పోతున్నా ఊరుకోవాలా? - ఒక స్టాఫ్ నర్సు, సోమాజిగూడ

సిస్టర్, పేషెంట్ మేజర్ అయి, తెలివిలో ఉండి, అన్నీ వివరించాక సంతకం పెట్టి ఉంటే, ఊరుకోవాలి. మీకు ఎంత కష్టంగా ఉన్నా సరే. సమ్మతి లేకుండా చికిత్స చేయకూడదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. వివరించిన తేదీ, టైము, సాక్షి సంతకం కేస్ షీట్‌లో ఉండేలా చూసుకోండి, రేపు అడిగేది మిమ్మల్నే. తల్లిదండ్రులు పిల్లకి వద్దంటే మాత్రం ఆ సంతకాన్ని చివరి మాట అనుకోకండి. వెంటనే డ్యూటీ డాక్టర్‌కీ, సూపరింటెండెంట్‌కీ చెప్పండి, 1098కి ఫోన్ చేస్తే బాలల సంక్షేమ కమిటీ దాకా విషయం వెళ్తుంది, టైముంటే హైకోర్టు తలుపు కూడా తట్టొచ్చు.

మా అమ్మకి మగ డాక్టర్ ముట్టుకుంటే ఇష్టం ఉండదు, అది మా ఆచారం. ప్రభుత్వాసుపత్రిలో లేడీ డాక్టర్ కావాలని అడగడం తప్పా? - అత్తాపూర్ పాఠకురాలు

తప్పేంటమ్మా, హక్కుగా అడగండి. కావాలంటే చరిత్ర చెప్తాను. 1897లో పుణెలో ప్లేగు పేరుతో సైనికులు ఇళ్లలోకి దూరి, దేవుడి గదుల్లోకి వెళ్లి, ఆడవాళ్లని అందరి ముందూ పరీక్ష చేయించడంతో ఊరు ఊరంతా రగిలిపోయింది. ప్లేగు అధికారి రాండ్‌ని చాపేకర్ సోదరులు జూన్ 22న కాల్చారు, అతను తర్వాత చనిపోయాడు. అదే ఏడు ఆగస్టులో మన బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఒకే ఏడు, ఒకే దొరల ప్రభుత్వం, ఒకచోట సైన్స్, ఇంకోచోట తుపాకీ మొన.

ఇప్పుడు చట్టం అంత మొరటుగా లేదు. అరెస్టయిన మహిళని పరీక్షించాలన్నా మహిళా డాక్టర్ చేయాలి, లేదా ఆమె పర్యవేక్షణలో జరగాలి. ముద్దాయికే అంత మర్యాద ఉంటే మీ అమ్మగారికి ఎందుకుండదు? అయితే ఎమర్జెన్సీలో, డ్యూటీలో లేడీ డాక్టర్ లేనప్పుడు, ఆమె వచ్చేదాకా ఆగుతామనకండి. పక్కన ఒక నర్సో మీరో ఉండేలా చూడమనండి, అది మీ హక్కు కూడా. మామూలు రోజుల్లో అయితే ఓపీ చీటీ రాయించుకునే కౌంటర్ దగ్గరే లేడీ డాక్టర్ ఏ గదిలో ఉన్నారో అడిగి ఆ గదికే చీటీ రాయించుకోండి. లోపలికి వెళ్లి కూర్చున్నాక అడిగితే మళ్లీ మొదటి నుంచి లైనులో నిలబడాల్సి వస్తుంది.